మందు

దుర్గం ఓదెలుకు అన్నిటికీ ఆ మాట ఒక్కటే.
ముప్పై ఒక్క ఏండ్లు భూపాలపల్లి బాయిల
బొగ్గుకు తూటు పొడిచి కూరింది మందు.
షిఫ్టు దిగి తాగింది మందు.
పత్తిచేన్ల కొట్టింది మందు.
ఇప్పుడు హన్మకొండల, నక్కలగుట్ట దవాఖానల
ఎడమచెయ్యి నరంలకు నేనెక్కిస్తున్నదీ
మందే.

"ఏం మందు బిడ్డా ఇది? పాల లెక్కున్నది."

సిరంజిని వెలుగుకు పెట్టి చూపించిన.
పాలు కాదు, చుక్కలు.
రక్తకణం కన్న సన్నం ఒక్కొక్కటి.
లోపల, ఒంటి వేడికే మరిగిపోవాల్సిన ద్రవం.
పైన పలుచటి కొవ్వు పొర.
అది బిగించి పట్టుకున్నంత సేపు
మరగాల్సింది మరగక ఆగుతది.

"కోపమొచ్చిన మా రాజవ్వ లెక్క" అన్నడు.
రాజవ్వ బయట బెంచి మీద
స్కానింగు కాగితాల సంచి ఒడిల పెట్టుకొని
పరకాల బస్సు ఎన్నిటికని ఎవర్నో అడుగుతున్నది.

కార్జంల గడ్డ.
కత్తికి అందని మూల.
డాక్టర్ నుజహత్ తెర మీద వేలు పెట్టి
ఇక్కడ, అంటది. ఇంకొంచెం లోతు. ఆఁ, ఇక్కడ.
నేను ప్రోబు జరుపుత.
చర్మం మీద చల్లటి జెల్లు,
చెవికందని శబ్దం పోయి, తగిలి, తిరిగొస్తది.

"మేం గూడ గిట్లనే గద.
కట్టెతోని పైకప్పు మీద కొట్టి ఇనేది.
ఖంగుమంటే కింద నిలబడొచ్చు.
డొల్లగ పలికిందో...
లింగయ్య ఇన్నడు గని, నమ్మలే."
లింగయ్య ఎవరని నేనడగలే.
జెల్లు తుడిచి, మల్ల పెట్టిన.

చెప్పిన: ఈ చుక్కలు ఒళ్ళంత తిరుగుతయి,
గుండెల, మెదడుల, కాలి బొటనవేల్ల,
ఏడ తిరిగినా ఊరికే తిరుగుతయి.
శబ్దం ఏడ ముడిపడ్డదో ఆడ మాత్రం
ఒక్క గుంజుకు ద్రవం ఆవిరైతది,
చుక్క బుడగైతది, ఐదంతలు ఉబ్బుతది,
శబ్దంతోపాటు ముడుచుకుంట, విచ్చుకుంట ఊగుతది.
ఆ ఊగుడుకు నరం గోడల సందులు విడుతయి.
అండ్లకెల్లి అసలు మందు గడ్డలకు దిగుతది.

"ఊగుతదా, పగులుతదా?"
ఒత్తిడి తక్కువైతే ఊగుతది. ఎక్కువైతే పగులుతది.
"నువ్వేది చేస్తవు?"
ఊగేటంత వరకే.
"పగులగొట్టుడు అల్కగ. ఊపుడే కష్టం."
కండ్లు మూసిండు. మల్ల తెరిచి:
"కేక వెయ్యవా?"

కేకెందుకు?
"పేల్చే ముందు మూడుసార్లు.
మూలమలుపుల ఎవడన్న ఉంటె తప్పుకోవాలె గద."

ఆయన కడుపుల ఎవరుంటరు తప్పుకునేటందుకు?
అద్దం అవతల డాక్టరు చూస్తున్నది.
సిగ్గయింది. అయినా
ఫైర్, అన్న. మెల్లగ. మూడుసార్లు.
పెడల్ తొక్కిన.

ఊగేటప్పుడు బుడగలు కూడ పలుకుతయి.
మిషను ఆ పలుకును పట్టి మనిషి చెవి దాక దించుతది.
హెడ్‌ఫోను ఆయనకు పెట్టిన.
నాకైతే ఎప్పుడూ ఒకటే తీరు,
నాలుగిండ్ల అవతల ఎవరో
మక్కప్యాలాలు ఏంచుతున్నట్టు.

ఆయన పెదాలు కదులుతున్నయి. లెక్కపెడుతున్నడు.
"రెండు మూడు పేలలే."
కోట్లుంటయి, ఓదెలు గారూ.
"ఉండనీ. పేలనిదాని జాగ రాసిపెట్టాలె.
తెల్లారి షిఫ్టోడొచ్చి
దాని మీదనే గడ్డపార దించుతడు."
హెడ్‌ఫోను తనే తీసి నా చేతుల పెట్టిండు.

భయం లేదని చెప్పిన.
పేలినయైనా, పేలనియైనా
పొర కరిగి, ఆవిరి నెత్తుట్ల కలిసి,
ఊపిరితిత్తులకెక్కి, శ్వాసల బయటికి పోతది.
ఆయన నవ్విండు, దగ్గిండు, మల్ల నవ్విండు.
"దుమ్ము లోపలికి పోయిన తొవ్వ గద అది.
ఇప్పటిదాక ఏదీ మల్లి రాలే."

అయినా నోరు తెరిచి పొడుగ్గ ఒక ఊపిరి ఇడిచిండు.
ఇంక లేవొచ్చు అన్న.
లేవలే. పదిహేను నిమిషాలు అట్లనే పండుకున్నడు,
పైన ఏసీ బిళ్ళ దిక్కు చూసుకుంట.
"పొగ తేలనియ్యి."

గడ్డ తగ్గిందా అనేది మూడు వారాలకు గని తెల్వది.
రికార్డు కాగితంల ఖానాలున్నయి:
ఒత్తిడి, సెకండ్లు, డోసు, బీపీ.
పేలనియాటికి ఖానా లేదు.
స్కేలు కోసం సొరుగంత దేవిన, దొరకలే.
పెన్సిలుతో, ఉత్త చేత్తోనే
వంకరగ ఒక గీత గీసిన.